పేరు తెలియని మాత్ర మింగొద్దు
శ్రీకాళహస్తిలో గంటల తరబడి నేలమీద కూర్చుని కలంకారీ గుడ్డమీద గీతలు దిద్దేవాళ్లకు మోకాళ్ల నొప్పులు కొత్త కాదు. ఎవరో ఇచ్చిన చిన్న తెల్ల మాత్రతో తెల్లారేసరికి నొప్పి మాయమైతే, అది స్టెరాయిడేమో అని అడిగేవాళ్లు తక్కువ. ఆ ఉపశమనం మాత్రం నిజమే. 1948లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, కీళ్లవాతంతో కదల్లేని మహిళ కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. ఉబ్బసానికీ, లూపస్ జబ్బుకీ స్టెరాయిడ్ మందులే ఆధారం. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి తల్లికిచ్చే ఇంజక్షనూ స్టెరాయిడే. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పరిశోధనలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను దాదాపు మూడోవంతు తగ్గించింది; ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు చేసిన దాఖలా కనిపించలేదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నదే ఇక్కడ ప్రాణం. 2021లో కోవిడ్ రోగుల్లో బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి అదుపు తప్పిన షుగరుతోపాటు విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లూ కారణమయ్యాయి. నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి. తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీము పూస్తే దురద తగ్గినట్టే ఉండి మచ్చ పాకుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఈ మందులు అమ్మడాన్ని ఔషధ నియంత్రణ అధికారులు గట్టిగా అడ్డుకోవాలి. మీరూ ప్రతి మాత్ర పేరూ అడిగి తెలుసుకోండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే మాత్రం ఉన్నపళంగా మానకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది; డాక్టరును కలిసి మెల్లమెల్లగా తగ్గించుకోండి.