ట్రాములో తీరిగ్గా

కలకత్తా వెళ్లినవారు కాళీఘాటూ, విక్టోరియా మెమోరియలూ చూసి వస్తారు. 2023లో నేను శ్యాంబజారులో ట్రామెక్కి ఎస్ప్లనేడులో దిగాను. పనేమీ లేదు, ఊరు చూడటమే పని! డ్రైవరు కాలితో గంట కొడుతుంటే బండి పెళ్లినడకలు నడుస్తూ హాతీబగాన్ బజారు దాటి, కాలేజీ వీధి పుస్తకాల కొట్ల మధ్యకు వచ్చింది. అక్కడ పట్టాలమీద ఎవరిదో కారు ఆగింది. పక్కకి తప్పుకోవడం ట్రాముకి చేతకాదు కదా! ఈలోగా నేను కొట్లలో పుస్తకాల అట్టలన్నీ చూసేశాను.

1902 నుంచి కరెంటుతో నడుస్తున్న ఈ బండ్లను ఎస్ప్లనేడు-మైదానం దారిలో తప్ప తీసేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. రద్దీకి అడ్డమట!

మా తాతగారు చెన్నపట్నం ట్రాముల సంగతులు కథలుగా చెప్పేవారు. అవి 1953లో ఆగిపోయాయి. నాకు కథలే మిగిలాయి. మా పిల్లలకైనా టిక్కెట్టు ముక్క మిగలాలని ఈసారి సెలవులకు కలకత్తా ప్రయాణం పెట్టుకున్నాను.