గోడ లోపలి వెట్టి

వెట్టి పోయిందని తరగతి గదుల్లో మనమే చెబుతుంటాం. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దొరల గడీలు పాడుబడ్డ మాట నిజమే. కాని జైలు గోడ లోపల వెట్టి ఇంకా బతికే ఉంది.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం బలవంతపు చాకిరేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత గట్టి సూత్రం ఖైదీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు నీరుగారిపోయింది? కఠిన శిక్ష పడినవాడికి న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో అదే కోర్టు అన్నది. తిండికీ బట్టకూ అయిన ఖర్చు అందులోంచి కోసుకోవచ్చుననీ అన్నది. గటక పోశాను గనుక కూలి చెల్లిపోయిందనే దొర లెక్కకూ దీనికీ ఎంత దూరం?

"నేరస్తుడికి కూలేమిటి?" అంటారు పెద్దమనుషులు. శిక్ష అతని స్వేచ్ఛకు పడింది, చెమటకు కాదు. శిక్షపడ్డంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాని హక్కు ఉండడం వేరు, దాన్ని అడగగలగడం వేరు. 1975 డిసెంబరు 1న ఆదిలాబాద్ జిల్లా రైతు ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరి తీసిననాటికి, 21వ అధికరణం కోసం కోర్టుకెక్కే దారినే ఎమర్జెన్సీ మూసేసింది.

ఇవాళ ఎమర్జెన్సీ లేదు. అయినా చేతిలో కాసు లేని ఖైదీకి కోర్టు గుమ్మం దూరమే. ఉచిత న్యాయసహాయం ఉందిగా అంటారు. పూచీకత్తుకూ, ఇంటివాళ్ల రాకపోకలకూ డబ్బెవరిస్తారు? కూలి ఎగ్గొట్టడమంటే అప్పీలు హక్కును ఎగ్గొట్టడమే.

వెట్టి కథలు పాఠం చెప్పి కన్నీరు పెట్టే మనం ఆ గోడ లోపలి కూలి లెక్క కూడా అడగాలి.