శ్రవణ యంత్రానికీ ఆయుర్దాయం ఉన్నది

కళ్ళద్దాలు పెట్టుకున్నవారిని చూచి నవ్వేవారు నేడు లేరు. చెవికి యంత్రం తగిలించుకున్న విద్యార్థి మాత్రం ఇంకా జుట్టు పెంచి చెవులు కప్పుకుంటూనే ఉన్నాడు. ఈ సంకోచం మాట అటుంచి, ఆ యంత్రం చేతికి వచ్చిన తరువాత దాని గతి ఏమిటనే విషయాన్ని గూర్చి మన విద్యాసంస్థలలో ఆలోచించేవారు అరుదని మేము భావిస్తున్నాము. దాతలు ఇస్తారు, ఛాయాచిత్రం తీయిస్తారు, అంతటితో పుణ్యకార్యం ముగిసిందనుకుంటారు. అసలు ఖర్చు ఆ మరునాటినుండి ఆరంభమవుతుంది.

మన ప్రజలు చెవి మిషను అని పిలిచే ఈ వస్తువు, తాతనుండి మనుమడికి సంక్రమించే గోడగడియారం వంటిది కాదు. దాని ఆయుష్షు సుమారు అయిదేండ్లు. శ్రద్ధగా వాడితే ఆరేడేండ్లు మన్నవచ్చు, అశ్రద్ధ చేస్తే మూడేండ్లకే మూలబడవచ్చు. చెవి వెనుక తగిలించుకునేది కొంత ఎక్కువ కాలం నిలుస్తుంది. చెవిలోపల ఇమిడేది నిరంతరం గులిమికీ తేమకూ లోబడి ఉండటంవల్ల త్వరగా చెడుతుంది. సముద్రతీరపు ఉక్కపోతలో చెమటే దీనికి ప్రథమ శత్రువు. వుజూ చేసేవేళ తడిచేతితో చెవులకు మసహ్ చేయడం మన విద్యార్థులెరిగినదే. దానికి ముందు యంత్రాన్ని తీసి పొడిచోట ఉంచి, చెవులు తుడుచుకున్న తరువాతనే తిరిగి పెట్టుకోవడం అలవాటు కావాలి. రాత్రివేళ తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో దాచితే యంత్రం ఆయుష్షు పెరుగుతుంది. ఆ డబ్బా వెల యంత్రం వెలతో పోలిస్తే లెక్కలోనిది కాదు.

అయితే ప్రతి చిన్న లోపానికీ యంత్రాన్నే మార్చవలసిన పని లేదు. గొట్టం కొన్ని నెలలకే గట్టిపడుతుంది. పెరిగే పిల్లలకు చెవి అచ్చు వదులై యంత్రం కీచుమని కూస్తుంది. కొత్త గొట్టం, కొత్త అచ్చు వేయిస్తే సరిపోతుంది. జింకు బ్యాటరీ గాలితో పనిచేసేది. పైనున్న అట్టముక్క ఒలిచిన క్షణంనుండి అది తరిగిపోతూనే ఉంటుంది, పెట్టెలో దాచినా ఆగదు. కనుక పొదుపు పేరిట తరగతిలో యంత్రం తీసివేసి కూర్చోవడంవల్ల మిగిలేదానికన్న పోయే పాఠమే ఎక్కువ. నాలుగేండ్లు నిండినవి కదా, కొత్తది కొనండి అని తొందరపెట్టే వర్తకుని మాట కూడా వెంటనే నమ్మదగినది కాదు. ఇంకా బాగా వినిపిస్తున్న యంత్రాన్ని పారవేయడం అవివేకం.

మరి ఎప్పుడు మార్చాలి? వినికిడి శక్తి ఏండ్లు గడిచేకొలది మారుతుంది. ఏటేటా పరీక్ష చేయించి, యంత్రాన్ని తదనుగుణంగా సవరించినా మాటలు స్పష్టం కానప్పుడు మార్చాలి. మరమ్మతు వెంట మరమ్మతు వస్తూ, విడిభాగాలు దొరకని స్థితి ఏర్పడినప్పుడు మార్చాలి. తండ్రి యంత్రాన్ని కుమారునికి అలాగే పెట్టడం మాత్రం కూడదు. ఒకరి వినికిడి లోపానికి సరిపోయేట్టు అమర్చినది మరొకరి చెవికి చాలకపోవచ్చు, శ్రుతి మించి హాని చేయనూవచ్చు.

భాషాబోధకులుగా మాకు ఇందులో ప్రత్యేకమైన ఆందోళన ఉన్నది. అచ్చులు బిగ్గరగా వినిపిస్తాయి. హల్లులలో స, శ వంటి సన్నని ధ్వనులు బలహీనమైనవి. యంత్రం మైకు ద్వారంలో దుమ్ము, గొట్టంలో గులిమి చేరినప్పుడు ముందుగా మరుగున పడేవి ఇవే. అప్పుడు సరి, తరి, పరి అనే మాటల భేదం విద్యార్థికి ఊహకే మిగులుతుంది. ఉర్దూ తరగతిలో సీన్‌కూ ఫేకూ ఇదే గతి. శబ్దం వినిపిస్తూనే ఉంటుంది కనుక యంత్రం చెడిందని అతనికే తెలియదు. శ్రుతలేఖనంలో తప్పులు చూచి మందబుద్ధి అని అధ్యాపకుడు నిర్ణయిస్తాడు. యంత్రం వృద్ధాప్యానికి శిక్ష విద్యార్థి అనుభవిస్తాడు.

ప్రభుత్వం చేయగలిగినది కొంత చేస్తూనే ఉన్నది. 1981నుండి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకం నిబంధనల ప్రకారం, ఒకసారి సహాయం పొందినవారు మూడేండ్ల తరువాత అదే అవసరానికి తిరిగి అర్హులు. పన్నెండేండ్ల లోపు పిల్లలకు ఈ గడువు ఒక్క ఏడాదే. ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో జాతీయ శ్రవణ సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులోనే ఉన్నది. ఇంత దగ్గరలో ఉన్న సదుపాయాన్ని వాడుకోకపోవడానికి కారణం పేదరికం కాదు, ఎరుక లేకపోవడం.

కళాశాల కార్యవర్గానికి మా మనవి ఇది. ఒక విద్యార్థికి యంత్రం ఇప్పించేటప్పుడు కొనుగోలు ధరతోపాటు బ్యాటరీలకు, అచ్చులకు, ఏటేటి పరీక్షకు కావలసిన సొమ్మును కూడా అదే పద్దులో కేటాయించాలి. ఏ యంత్రం ఏ సంవత్సరంలో ఇచ్చినదీ ఒక పుస్తకంలో నమోదు కావాలి. నాలుగవ ఏడు నిండగానే ఆ విద్యార్థిని పిలిచి విచారించాలి. ఈ పుస్తకం నిర్వహణకు మా శాఖలోని అధ్యాపకులు ముందుకు రాగలరు. కావలసినది ఒక అలమారులో ఒక అర, ఏడాదికి ఒకసారి సికిందరాబాదుకు బస్సు చార్జీలు.