తొలినాటి యాట

టెస్టు క్రికెట్టునందు మొదటిదినమున కున్న సొగసు తక్కిన దినములకు లేదు. పచ్చిక యింకను నలిగియుండదు. క్రొత్తబంతి యెఱ్ఱగా మెఱయుచుండును. పరుగుల పలకమీద నొక్క యంకెయైనను ఉండదు. గెలిచినవారును లేరు, ఓడినవారును లేరు. ఈ యాటయం దభిరుచిగల గృహిణులము ఆనాడు వంటయింటి పని త్వరగా ముగించుకొని కూర్చుండుట గలదు. “దినములతరబడి సాగెడు ఈ యాటలో ఆడువారికేమి పని?” అని నవ్వువారు నేటికిని లేకపోలేదు. 2024వ సంవత్సరము జూను 28వ తేదీని చెన్నపట్టణమున జరిగినది వారికి వినిపించిన చాలును.

ఆనాడు చేపాకు మైదానమున భారతస్త్రీలకును దక్షిణాఫ్రికా స్త్రీలకును టెస్టు ప్రారంభమయ్యెను. మన నాయిక హర్మన్‌ప్రీత్ కౌర్ టాస్ గెలిచి బ్యాటింగు కోరుకొనెను. షెఫాలీ వర్మ, స్మృతి మంధాన తొలి వికెట్టునకు 292 పరుగులు చేర్చిరి. స్త్రీల టెస్టులలో ఏ తొలిజంటయు అంతవఱకు అన్ని పరుగులు చేసియుండలేదు. మంధాన 149, షెఫాలి 205. రోహ్‌తక్ పట్టణమున శిక్షణశాలలవారు బాలికలను చేర్చుకొనమనగా, తండ్రి జుట్టు కత్తిరింపించి బాలునివలె ఆటకు పంపిన పిల్లయే యీ షెఫాలి! సాయంకాలమునకు మనవారి లెక్క 4 వికెట్లకు 525. పురుషుల టెస్టులలో మొదటినాటి గొప్ప లెక్క 2022లో రావల్పిండియందు ఇంగ్లండువారు చేసిన 506. మన యాడుపడుచులు దానిని దాటిరి.

ఇంతటి సంతోషములోను నా మనస్సున నొక ముల్లు గ్రుచ్చుకొనుచునే యున్నది. ఇట్టి మొదటిదినములు మన స్త్రీలకెన్ని లభించినవి? వారి తొలి టెస్టు 1976లో బెంగుళూరున జరిగెను. 2006 తరువాత మరల టెస్టాడుటకు 2014 వఱకు వేచియుండవలసివచ్చెను. ఆ యేడు గడచిన పిమ్మట 2021 వఱకు మరల లేదు. మన హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజ్ 2002లో ఇంగ్లండునందలి టాంటన్ పట్టణమున 214 పరుగులు చేసి, నాటికి ప్రపంచమున స్త్రీలందఱిలో మిన్న యనిపించుకొనెను. అట్టి యామె 1999 మొదలు 2022 వఱకు దేశముపక్షమున నాడినను, ఆమెకు దక్కిన టెస్టులు 12 మాత్రమే. సచిన్ టెండూల్కరునకు దక్కినవి 200. ఈ భేదము చేతినేర్పులోనిది కాదు, చేతికందిన యవకాశములోనిది.

స్త్రీల టెస్టులకు చూచువారు లేరు గనుక ఏర్పాటుచేయమందురు. ఏర్పాటే లేనిచో చూచువారెక్కడినుండి వత్తురు? పొయ్యి వెలిగింపనీయక, ఈమెకు వంటరాదనుట న్యాయమా?

ఆ చెన్నపట్టణపు టెస్టునందే దీనికి సమాధాన మున్నది. దక్షిణాఫ్రికా స్త్రీలకును 2014 తరువాత 2022 వఱకు టెస్టు దొరకలేదు. చేపాకున మనవారు 6 వికెట్లకు 603 చేసి ఆపివేయగా, వారు 266 పరుగులకే కూలిరి. స్నేహ్ రాణా 8 వికెట్లు తీసెను. వెంటనే మరల బ్యాటింగు చేయవలసివచ్చినను వారు బెదరలేదు. లారా వోల్వార్ట్ 122, సునే లూస్ 109 చేసి, ఆటను నాలుగవదినమువఱకు లాగిరి. తుదకు మనవారే 10 వికెట్లతో గెలిచిరి. అయినను ఓడినవారి యోర్పును చూచినవారు మఱవలేరు. ఓర్పు స్త్రీలకు క్రొత్తది కాదు. దానిని మైదానమున చూపుటకు దినములు కావలెను, అంతియే.

కావున సోదరీమణులారా, ఇకమీద మన స్త్రీల టెస్టు ఎన్నడు మొదలగునో పత్రికలో చూచి గుర్తుంచుకొనుడు. ఆ యుదయమున అమ్మాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని తొలిగంటయైనను చూడుడు. పరుగులు రానిచో విసుగు చెందకుడు. క్రొత్తబంతిని వదలిపెట్టుటయు విద్యయే యని పిల్లకు చెప్పుడు. బ్యాటు కావలెనని యది యడిగినచో, తమ్మునికి కొనిపెట్టినట్లే దానికిని కొనిపెట్టుడు. చూచువారు లేరను మాటకు మన యిండ్లనుండియే బదులు పోవలెను.