మూడు వోల్టుల నమ్మకం

మా ఆవిడ దృష్టిలో నేను రెండు పనులకు పనికిరాను. వంకాయలు ఏరడం ఒకటి, కరెంటు వస్తువులు కొనడం రెండోది. కాలేజీలో సమాసాలు చెప్పుకుని బతికేవాడికి వాటితో ఏం పని అని ఇన్నాళ్ళూ బుకాయిస్తూ వచ్చాను. మొన్నటి సంగతి తరువాత నోరెత్తడం లేదు.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. అమ్మా, నాన్నగారూ ఎల్.బి.నగర్‌లో. మెట్రో ఎక్కితే మధ్యలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, రెండే స్టేషన్లు. నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు. ఆయన షుగరు చూసుకునే మిషనులో రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది. అది అయిపోయిందన్నారు. నేను ఫుట్‌పాత్ మీద గిన్నెలో పోసి విడిగా అమ్ముతున్న సెల్లులు, ఇరవై రూపాయలకు నాలుగు కొనుక్కెళ్ళి ఒకటి వేశాను. మిషను టక్కున వెలిగింది. మిగిల్చిన డబ్బుతో అరటిపళ్ళు తెచ్చానని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

పదిహేను రోజులు తిరక్కుండానే, రాత్రి పదకొండింటికి అమ్మ ఫోను. “నాన్నగారికి చెమటలు పడుతున్నాయిరా. చేతులు వణుకుతున్నాయి. మిషను వెలగడం లేదు!”

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా ఆవిడ ఫోను లాక్కుంది. “అత్తయ్యగారూ, మామయ్యగారు మాట్లాడుతున్నారా? మింగగలరా? అయితే మిషను అవతల పెట్టి, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి.”

మేము స్కూటరు మీద వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని, “ఇంత రాత్రివేళ వీళ్ళనెందుకు కంగారు పెట్టావు? నాకేం, బాగానే ఉన్నాను” అని అమ్మను కోప్పడుతున్నారు.

ఆ ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. వాడికి ఎయిర్ రైఫిల్ సరదా. దాని మీది దుర్భిణిలో గురి గుర్తు ఎర్రగా వెలగడానికీ ఇదే సెల్లు కావాలట.

“నా సెల్లు చచ్చిపోతే ఎర్ర వెలుగు పోతుంది, మామయ్యా. అద్దం మీద చెక్కిన గీత మాత్రం నల్లగా మిగులుతుంది. దాంతో గురి చూసుకుంటాను. తాతయ్య మిషనులో ఏ గీతా మిగలదు కదా!” అన్నాడు.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. శిష్యుడిలా కూర్చుని పాఠం విన్నాను.

సెల్లు మీద సి.ఆర్. 2032 అని ఉంటుంది. ‘సి’ అంటే లిథియం, మాంగనీస్ డయాక్సైడ్‌ల జత. ‘ఆర్’ అంటే గుండ్రం. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 కూడా అంతే వెడల్పు గాని, మందం 2.5. ఒకదాని బదులు మరొకటి వేస్తే లోపలి రేకు సరిగా ఆనదు. ఇన్నేళ్ళు వ్యుత్పత్తులు చెప్పాను గాని, ఈ వ్యుత్పత్తి నాకు తెలియదు!

“మీటరు పెట్టి చూసి కొంటే సరి కదా?” అన్నాను.

వాడు నవ్వాడు. లిథియం సెల్లు దాదాపు చివరిదాకా మూడు వోల్టులే చూపిస్తుందట. పని చెప్పినప్పుడు గాని దాని నీరసం బయటపడదు. అందుచేత మీటరు కన్నా అట్ట మీది గడువు తేదీని నమ్మాలి. సీలు వేసిన మంచి సెల్లు ఏడాదికి ఒక శాతం మాత్రమే శక్తి పోగొట్టుకుంటుంది. గిన్నెలో కలిపి పోసినవి ఒకదానికొకటి తగిలి, అక్కడే ఖర్చయిపోతాయి. అమ్మకం బాగా సాగే దుకాణంలో, తయారీదారు పేరు స్పష్టంగా ఉన్నది కొనాలి. పిల్లలు మింగకుండా కొన్నింటికి చేదు పూత పూస్తారు. ఆ పూత వల్ల కొన్ని పరికరాలకు కరెంటు అందదు. కాబట్టి వేసిన వెంటనే పనిచేయించి చూడాలి. సీలు విప్పని సెల్లు మరొకటి మిషను పక్కనే ఉండాలి.

పాత సెల్లుకు రెండువైపులా టేపు అంటించి, పిల్లలకు అందకుండా తీసేయాలి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించబోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

వాడు వెళ్ళాక నాన్నగారే గుర్తుకొచ్చారు. ఎప్పుడడిగినా, “నాకేం, బాగానే ఉన్నాను.” చివరిదాకా అవే మూడు వోల్టులు! ఫోనులో అడిగి తృప్తిపడడం మీటరు పెట్టి చూడడం లాంటిదేనని తెలిసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఎల్.బి.నగర్ వెళ్ళి మిషను వెలిగించి చూస్తున్నాను. ఆ వంకన ఆయన దగ్గర ఒక పూట కూర్చుంటున్నాను.

సెల్లులు కొనే అధికారం మా ఆవిడ నాకు తిరిగి ఇచ్చింది. వంకాయల సంగతి ఇంకా తేలలేదు.