ఆకు మంచిదే, ఆసుపత్రి మానవద్దు



మొన్న తాడేపల్లిగూడెంలో కూటము ముగిసిన తరువాత ఒక యౌవనస్థుడు పత్రికలోంచి కత్తిరించిన కాగితం పట్టుకొని వచ్చాడు. పసుపులోని సారాన్నీ క్యాన్సర్ మందునూ కలిపి, కంటికి కనబడని గుళికల్లో శరీరంలోకి పంపే పరిశోధన గురించి అందులో ఉంది. "అయ్యగారూ, అమ్మకి మూడు కీమోలు అయ్యాయండి. తిండి సయించట్లేదు. అవి ఆపేసి పసుపు, ఆకు పసరు ఇద్దామంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారండి?" అని అడిగాడు.

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం కొల్లేటి లంకల్లో ఒక సహోదరి ఇదే అడిగింది. రొమ్ములో గడ్డ. రెండు కీమోలకే జుట్టు రాలిపోయి భయపడింది. "ప్రార్థన చేసుకొని మీకు తోచినట్టు చేయండమ్మా" అన్నాము. ఆమె పసరు మందుకు వెళ్ళింది. ఆరు నెలలకు తిరిగి ఆసుపత్రికి వెళ్ళేసరికి జబ్బు ఎముకలకు పాకింది. ఆమె భూస్థాపనలో వాక్యము చెప్పింది మేమే. తెలియని సంగతి తెలిసికొని చెప్పవలసిన వారము, చెప్పలేదు. అందుకే ఈసారి చదివి, డాక్టర్లను అడిగి రాస్తున్నాము.

మొక్కల్లో మందు ఉన్నది నిజమే. హిజ్కియా రాజు పుండుకు యెషయా అంజూరపు ముద్ద కట్టించాడు. మన సమాధుల దగ్గర పూసే బిళ్ళగన్నేరు ఆకులోని విన్‌క్రిస్టిన్‌ను 1960ల నుండి పిల్లల రక్త క్యాన్సరుకు వాడుతున్నారు. అయితే ఒక్క గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి. కొలత కొంచెం మించినా నరాలు దెబ్బతింటాయి. కనుక ఆ ఆకు ఇంట్లో నూరి తాగితే వైద్యము కాదు, ప్రమాదము.

ఇక పసుపు. అందులోని కుర్కుమిన్ నీళ్ళలో కరగదు. కడుపులోంచి రక్తంలోకి చేరేది బహు కొద్ది, అదీ త్వరగా బయటికి పోతుంది. కొల్లేటి చేప కలకత్తా చేరాలంటే ఐసు పెట్టె కావాలి గదా! శాస్త్రజ్ఞులు చేస్తున్నది అలాంటి పెట్టెనే. తలవెంట్రుక మందంలో వందల వంతు ఉండే కొవ్వు బుడగలో మందు పెట్టి పంపుతారు. క్యాన్సర్ కణము కొన్నిసార్లు, చెరువులో నీళ్ళు ఇంజనుతో తోడేసినట్టు, మందును బయటికి తోడేస్తుంది. కుర్కుమిన్ వంటివి ఆ ఇంజనును ఆపగలవేమోనని రెండింటినీ ఒకే పెట్టెలో పంపి చూస్తున్నారు.

పెట్టెలో మందు పంపడం కల కాదు. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును కొవ్వు బుడగల్లో ఇవ్వడానికి అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. రెండు కీమో మందులను ఒకే బుడగలో 5:1 పాళ్ళలో పెట్టిన మందు 2017లో వచ్చింది. కాని పసుపు సారము, కీమో కలిసిన గుళికలు ఇంకా ఎక్కువగా ప్రయోగశాలలోనూ, ఎలుకల మీదనూ ఉన్నాయి. ఒకటి గమనించండి: ఆ పరిశోధనలో కూడా కీమోను తీసివేయలేదు. పసుపును దానికి తోడు చేస్తున్నారు.

కాబట్టి ప్రియులారా, కూరలో పసుపు మానవద్దు, దాని కొరకు కీమోనూ మానవద్దు. వాంతులు, నోటి పూత ఉంటే డాక్టరుకు చెప్పండి, వాటికి మందులున్నాయి. ఏ పసరు, ఏ కషాయము, ఏ పసుపు బిళ్ళ వాడుతున్నా దాచవద్దు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయము దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో తెలియజేశారు. కీమోలో ఉన్నవారి కాలేయానికి ఇంకొక బరువు ఎందుకు?

ఆ యౌవనస్థుని తల్లి నాలుగవ కీమోకు వెళ్ళింది. వాంతులకు మందు మార్చారట, రెండు ముద్దలు తింటున్నదట. మీ సంఘములో ఎవరైనా ఇలా అడిగితే, మావలె "మీకు తోచినట్టు చేయండి" అనకండి. ప్రార్థన చేయండి, తరువాత ఏలూరు బస్సు ఎక్కి వారితో కూడా ఆసుపత్రికి వెళ్ళండి.