ఎర చేపలకూ ఆ రెండు నెలల రక్షణ కావాలి

ఛత్తీస్‌గఢ్ మత్స్య శాఖ సంచాలకులకు,

ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా నదుల్లో, వాగుల్లో చేపల వేటను మీరు ఆపుతున్నారు. ఆంధ్ర తీరంలో మరపడవలకు ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల విరామం ఎరిగిన బిలాస్‌పూర్ తెలుగువాళ్లకు దీని విలువ తెలుసు. కొత్త నీరు రాగానే బొచ్చె, శీలావతి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. అయితే గాలానికి ఎర కోసమంటూ అర్పా నది మడుగులో దోమతెర లాగితే పడేది పరకలే కాదు, అంతే పొడవున్న శీలావతి పిల్లలు కూడా. ఏరి వదిలేలోపే చాలా పిల్లలు చచ్చిపోతాయి. అందుకే ఎర కోసం పట్టడమూ వేటేనని మీ ఆదేశంలో విడిగా రాయండి. దోమతెరను ఏడాది పొడవునా నదిలో దించనివ్వకండి.

గుప్పెడు ఎరతో ఏం పోతుందని అడిగేవారుంటారు. గుప్పెడు పిల్లలంటే గుప్పెడు పెద్ద చేపలు కావు, గంపెడు. కొర్రమీనుకు బతికున్న చేపే కావాలంటే, నదితో సంబంధం లేని చిన్న చెరువులకు నిషేధం లేదు, అక్కడ పట్టుకోవచ్చు. మిగతావాటికి వానపాము, పిండిముద్ద చాలు. కేవట్, ఢీమర్ జాలరి కుటుంబాల తిండి మాటే అసలు బరువైన అభ్యంతరం. నిషేధ కాలం కోసం ఉన్న కేంద్ర పథకంలో జాలరి 1,500 రూపాయలు దాస్తే ప్రభుత్వాలు 3,000 కలుపుతాయి. వేట లేని ఇంటికి అది ఏ మూలకు? ఆ మొత్తం పెంచండి, నిషేధం మొదలవకముందే చేతికివ్వండి. ఏడాది జైలు, 10 వేల జరిమానా దాకా వెళ్లే చట్టాన్ని మొదటిసారి దొరికిన పేదవాడి మీద ప్రయోగించకండి. దోమతెర తీసుకుని పెద్ద కన్ను వల ఇచ్చి పంపండి.

ఇట్లు,
బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాడొకరు